పరుచూరి మాస్టారి పాఠాలు, మన ఇంటి కథలు

పరుచూరి గోపాలకృష్ణ గారి పేరు వినగానే మీకేం గుర్తొస్తుంది? సుమోలు, కత్తులు, తొడ కొట్టడాలు, పేజీ పొడుగు డైలాగులు. అంతేగా! మా ఆయనకైతే ‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’ వరసపెట్టి గుర్తొస్తాయి. వాటిలో మాటలు ఇప్పటికీ నోటికి వచ్చు. కరెంటు బిల్లు కట్టే తేదీ మాత్రం గుర్తుండదు, అది వేరే సంగతి.

నాకు మాత్రం ఆయన మాస్టారు. పొద్దున పదకొండింటికి వంట ఒక కొలిక్కి వచ్చాక, గోంగూర ఒలుచుకుంటూనో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనో, ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి పెట్టుకుని ఆయన యూట్యూబ్ మాటలు వింటాను. ‘పరుచూరి పలుకులు’ అనీ ‘పరుచూరి పాఠాలు’ అనీ వస్తుంటాయి. మీలో కొందరు వినే ఉంటారు. విననివాళ్ళు వినండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అన్నదమ్ములిద్దరూ కలిసి రాసిన మూడు వందల పైచిలుకు సినిమాలు ఒక ఎత్తు, ఈ వయసులో ఆయన ఫీజు లేకుండా చెబుతున్న ఈ పాఠాలు ఒక ఎత్తు. ఆ రెండిట్లో మన ఆడవాళ్ళకి ఎక్కువ పనికొచ్చేది రెండోదే అని నా అభిప్రాయం.

“సినిమా కథ రాయడం నేర్చుకుని నువ్వేం చేస్తావు?” అని మా పక్కింటి పిన్ని అడిగింది. చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఆయన సంగతి. వాళ్ళది కృష్ణా జిల్లా మేడూరు. అన్న వెంకటేశ్వరరావు గారు ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ నాటకాలు రాసేవారు. తమ్ముడు గోపాలకృష్ణ గారు కాలేజీలో తెలుగు లెక్చరరు. 1978లో దేవదాస్ కనకాల గారు తీసిన ‘చలిచీమలు’కి అన్నగారు రాశారు. తర్వాత 1980ల మొదట్లో ఇద్దరూ జంటగా సినిమాల్లోకి వచ్చేశారు. ‘పరుచూరి బ్రదర్స్’ అని పేరు పెట్టింది ఎన్.టి. రామారావు గారేనని వాళ్ళు చాలాసార్లు చెప్పుకున్నారు. ‘ఈనాడు’, ‘ఖైదీ’, ‘బొబ్బిలి బ్రహ్మన్న’... ఆ పదేళ్ళలో పెద్ద హీరోల సినిమా అంటే టైటిల్స్‌లో వీళ్ళ పేరు కోసం చూసేవాళ్ళు. రాయడమే కాదు, ఇద్దరూ నటించారు, దర్శకత్వమూ చేశారు. 1987లో ‘కాబోయే అల్లుడు’, 1991లో శోభన్ బాబు గారితో ‘సర్పయాగం’ వాళ్ళు డైరెక్ట్ చేసినవే.

ఇంత పని మధ్యలో గోపాలకృష్ణ గారు మళ్ళీ పుస్తకాలు పట్టుకుని, తెలుగు సినిమా సాహిత్యం మీద, కథ, కథనం, శిల్పం అంటూ పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. అప్పటికే చేతినిండా సినిమాలున్న మనిషికి ఆ పట్టాతో వచ్చే లాభం ఏముంటుంది? తను చేత్తో చేసే పనిని బుద్ధితో కూడా అర్థం చేసుకోవాలనుకున్నారు. మా అత్తయ్య ఆవకాయ కలుపుతుంది, కారం ఎంత అంటే “చెయ్యే చెబుతుందమ్మా” అంటుంది. చెయ్యి చెప్పేదాన్ని ఇంకొకరికి నేర్పాలంటే కొలత కావాలి కదా. మాస్టారు చేసింది ఆ కొలతలు రాయడం.

పాఠం చెప్పేవాళ్ళకి ఒక లక్షణం ఉండాలంటాను నేను. అర్థం కాని మొహం ఒకటి కనబడగానే విసుక్కోకుండా ఉదాహరణ మార్చాలి. కెమెరా ముందు కూర్చున్న మనిషికి ఎదురుగా మొహాలు ఉండవు. అయినా ఆయన మధ్యలో ఆగి, వెనక్కి వెళ్ళి, ఇంకో సినిమా తీసుకుని మళ్ళీ చెబుతారు. క్లాసురూమ్ ఆయన్ని వదల్లేదు.

సరే, ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వస్తాను. ఆయన జీవితంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది డైలాగులు కాదు, ఆ ‘బ్రదర్స్’ అన్న మాట.

ఇద్దరు అన్నదమ్ములు దశాబ్దాల పాటు ఒకే పేరు మీద సంపాదించి, ఒకే పేరు మీద పొగడ్తలూ తిట్లూ తిన్నారు. ఈ సీను నువ్వు రాశావు, ఆ డైలాగు నేను రాశాను అని వీధిన పడలేదు. మా కురిచేడు చుట్టుపక్కల అడగండి, గట్టు దగ్గర మాట మాట పెరిగి పాతికేళ్ళుగా పలకరింపుల్లేని అన్నదమ్ములు ఊరికి నాలుగు జంటలుంటారు. బోరు వంతు దగ్గర, సాగర్ కాలువ నీళ్ళ దగ్గర, అమ్మ బంగారం దగ్గర. విడిపోయిన ప్రతి జంట వెనకా ఊరు చెప్పే కారణం మాత్రం ఒక్కటే. “కోడళ్ళు కలవనీయలేదమ్మా!”

మరి కలిసున్న అన్నదమ్ముల వెనక ఎవరున్నట్టు? అప్పుడు మాత్రం “వాళ్ళు బంగారం లాంటి మనుషులు” అంటారు. విడిపోతే కోడళ్ళ పుణ్యం, కలిసుంటే కొడుకుల గొప్పతనం. ఈ లెక్క ఎవరు రాశారో గానీ మనకి మాత్రం ఎప్పుడూ బాకీయే చూపిస్తుంది.

సినిమా కథా చర్చలు అనేవి ఆఫీసు టైముకి మొదలై ఆఫీసు టైముకి అయిపోయేవి కాదు. రాత్రి రెండింటికి ఒక ఆలోచన వస్తుంది, నలుగురు కూర్చుంటారు, టీలు కావాలి, ఆకలేస్తే ఉప్మా కావాలి. పిల్లాడికి జ్వరమైనా పక్క గదిలో గొంతు తగ్గించి మాట్లాడాలి. రాసేవాడున్న ఏ ఇంట్లోనైనా ఇది మామూలే. తెరమీద ‘కథ, మాటలు’ అని పడేటప్పుడు ఆ టీల పేరు పడదు. పడాలని నేను పట్టుబట్టను. కానీ అన్నదమ్ముల ఐకమత్యాన్ని పొగిడేటప్పుడు ఒక్క క్షణం లోపలి గది వైపు కూడా చూడమంటాను. దేవదాస్ కనకాల గారి పేరు ఇందాక చెప్పాను కదా. ఆయనా, ఆయన భార్య లక్ష్మీదేవి గారూ కలిసి ఎంతోమందికి నటన నేర్పారు. ఆవిడ కూడా పాఠం చెప్పింది కాబట్టి ఆవిడ పేరు మనకి తెలుసు. టీ పెట్టి ఊరుకుని ఉంటే తెలిసేదా?

ఇక వాళ్ళ సినిమాల్లో ఆడవాళ్ళ గురించి. మాస్టారి మీద గౌరవం ఉంది కదా అని ఇది దాటేస్తే నేను రాసేదానికి విలువ ఉండదు.

‘కర్తవ్యం’ రాసింది వాళ్ళే. 1990లో వచ్చింది, విజయశాంతి పోలీసు అధికారి, ఆ పాత్రకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ సినిమా చూసి ఖాకీ బట్టలు వేసుకోవాలని కలగన్న ఆడపిల్లలు మా తరంలో బోలెడుమంది. అంతకు ముందు 1985లో టి. కృష్ణ గారి ‘ప్రతిఘటన’ వచ్చింది. దానికి మాటలు మన ఒంగోలు ఎం.వి.ఎస్. హరనాథరావు గారివి (ఈ మాట చెప్పుకోకపోతే మా జిల్లా వాళ్ళకి నిద్రపట్టదు). అంటే ఆడమనిషిని కథకి మధ్యలో నిలబెట్టడం మన రచయితలకి చేతకాక కాదు. చేతనయిందని రెండుసార్లు, మూడుసార్లు నిరూపించి కూడా మళ్ళీ పక్కకి జరిపేశారు.

1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చేనాటికి నా పెళ్ళయి ఏడాది. వినుకొండ వెళ్ళి చూశాం. కథ విజయేంద్రప్రసాద్ గారిది, మాటలు పరుచూరి వారివి. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను, ఎందుకు కొట్టననాలి? అంత పట్టుగా ఉంటుంది. ముగ్గురు హీరోయిన్లు ఉన్నారు ఆ సినిమాలో. ఇంటికొచ్చాక ఆ ముగ్గురిలో ఒక్కరి కష్టమూ నాకు గుర్తులేదు. ఆ తర్వాత వరసపెట్టి అదే బాటలో ఎవరెవరో తీశారు. మా పశ్చిమ ప్రకాశం వాళ్ళం సీమకి పక్కింటి వాళ్ళం, గిద్దలూరు దాటితే అటు సీమే. ఆ సినిమాల్లో మగవాళ్ళు చచ్చిపోయాక ఆడవాళ్ళు వరసగా నిలబడి ఏడుస్తారు, బొట్టు చెరుపుతారు, కెమెరా హీరో కళ్ళ మీదకి వెళ్ళిపోతుంది. నాకు ఆ కెమెరాని పట్టుకుని వెనక్కి తిప్పాలనిపిస్తుంది. బొట్టు చెరిపిన మర్నాడు పొద్దున ఆవిడ ఏం చేసింది? పొలం కౌలుకి ఎవరికిచ్చింది? మరిది ఏమన్నాడు? కొడుకుని చదివించిందా, కత్తి ఇచ్చిందా? ఆడవాళ్ళకి అసలు కథ మొదలయ్యే చోట మన సినిమాలు సీను కట్ చేస్తాయి.

‘సర్పయాగం’ కూడా అంతే. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి పగ. శోభన్ బాబు గారు చక్కగా చేశారు, కళ్ళనీళ్ళు పెట్టిస్తారు. అయినా నేను అడుగుతాను. మన ఊళ్ళల్లో ఎంతమంది తల్లులు కూతుళ్ళ కోసం స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు? కత్తి పట్టరు, బస్సు పాసు పట్టుకుంటారు. అది సినిమా కాదా?

ఇంత గొణిగిన మనిషివి మళ్ళీ ఆయన పాఠాలే వినమంటున్నావేమిటి అంటారా? అందుకే వినమంటున్నాను. ఆయన రాసిన కథలు నచ్చకపోతే మానెయ్యండి. కథ కట్టే విద్య మాత్రం ఆయన దగ్గర పుష్కలంగా ఉంది, దాచుకోకుండా పంచుతున్నారు. ఒకప్పుడు ఈ విద్య నేర్చుకోవాలంటే మద్రాసు రైలెక్కి, ఏ రచయిత దగ్గరో ఏళ్ళ తరబడి ఫెయిర్ కాపీలు రాయాలి. ఆడపిల్లకి అది అయ్యే పనేనా? ఇప్పుడు కురిచేడులో, గోంగూర ముందు కూర్చుని వినొచ్చు.

ఆ పాఠాలు ఎలా ఉంటాయంటే, రిలీజైన ఒక సినిమా తీసుకుంటారు. కథ ఎక్కడ మొదలైంది, ఏ విషయం హీరో కంటే ముందు మనకి తెలిసింది, ఏది మన దగ్గర దాచారు, ఇంటర్వెల్ అక్కడే ఎందుకు వేశారు, ఇలా విప్పి చూపిస్తారు. ఆడని సినిమా అయితే ఇక్కడ ఇలా మార్చి ఉంటే ఎలా ఉండేది అని మార్చి చెబుతారు. బట్ట కుట్టు విప్పి, మళ్ళీ కుట్టి చూపించినట్టు.

వినగా వినగా నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, ఈ పని మనం రోజూ చేస్తున్నదే. కథ అంటే ఏం జరిగిందో అది. స్క్రీన్‌ప్లే అంటే దాన్ని ఏ వరసలో, ఎవరికి, ఎప్పుడు చెప్పాలో అది. ఆడపడుచు ఫోన్ చేసి డబ్బు అడిగిందనుకోండి. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే చెబుతామా? కాళ్ళు కడుక్కోనిస్తాం. అన్నం పెడతాం. ముందు పిల్లాడికి లెక్కల్లో మార్కులు బాగా వచ్చాయని చెబుతాం. రెండో వాయి వడ్డించాక, “మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది” అంటాం. అక్కడ ఆగుతాం. ఆయన తలెత్తి “ఏమంటా?” అంటాడు. అదే ఇంటర్వెల్! ఏ ఇన్‌స్టిట్యూట్ నేర్పింది మనకి ఇది?

ఇప్పుడు పక్కింటి పిన్ని ప్రశ్నకి జవాబు. ఈ విద్య ఎందుకో చెప్పాలంటే మా ఊరి గురించి చెప్పాలి.

కురిచేడు పేరు దేశమంతా ఒక్కసారే విన్నది. 2020 జులై నెలాఖర్లో. కరోనా కట్టడిలో భాగంగా ఊళ్ళో మద్యం షాపులు మూసేశారు, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. టీవీ వాళ్ళు వచ్చారు, మూడు రోజులు చూపించారు, వెళ్ళిపోయారు. రైల్లో ఊరి పేరు చెబితే “ఓహో, ఆ శానిటైజర్ ఊరా!” అని నవ్విన వాళ్ళున్నారు. ఈ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాస్టారి పాఠాలు వినడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది, ఆ కథని తప్పు చోట మొదలుపెట్టారని. టీవీ వాళ్ళకి అది ఆసుపత్రి దగ్గర మొదలైంది. అక్కడ మొదలుపెడితే ఆ మగవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు, ఆ భార్యలు జుట్టు విరబోసుకుని ఏడ్చే ఆడవాళ్ళు, అంతే. ఇంకేం కనబడదు. అదే కథని పదేళ్ళు వెనక, కూలి డబ్బుల్లో సగం షాపు దగ్గరే అయిపోయి ఇంటికొచ్చిన మొదటి రోజున మొదలుపెట్టండి. లేదా వారం ముందు, షాపు మూతపడ్డ మొదటి సాయంత్రం మొదలుపెట్టండి. అమ్మయ్య, ఈ పూట కొట్టడు అని గుండె మీద చెయ్యి వేసుకున్న ఆడమనిషి దగ్గర. ఆ ‘అమ్మయ్య’ నుంచి ఆసుపత్రి వరకూ నడిపించండి, ఎవరు నవ్వుతారో చూద్దాం. జరిగింది మారదు. మొదలుపెట్టే చోటు మారితే చూసే కన్ను మారుతుంది. ఈ మాట ఫ్యాక్షన్ సినిమాలు రాసిన ఆయన పాఠాల వల్ల నాకు తట్టింది, విచిత్రమే కదా.

ఈ కథ ఎవరు రాస్తారు మరి? హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్ళకి ఆ ‘అమ్మయ్య’ వినపడదు.

మా వదిన, అంటే మా ఆయన అక్క, వాళ్ళది దొనకొండ. వాళ్ళమ్మాయి డిగ్రీ రెండో ఏడు. మొన్న సంక్రాంతికి వచ్చి, అరిసెలు వత్తుతూ వత్తుతూ “నేను సినిమాలకి రాస్తానత్తా” అంది. వాళ్ళ నాన్న విన్నాడు. గొంతు పెంచలేదు, కానీ అరిసె పక్కన పెట్టేశాడు.

“బీఈడీ చెయ్యమ్మా, టీచర్ ఉద్యోగం వస్తది. సినిమాలకి రాసేదానికి సంబంధం యాడ నుంచి తేవాలి నేను?”

“అన్నయ్యా, పరుచూరి గోపాలకృష్ణ గారు ముందు చేసిన ఉద్యోగం ఏందో తెలుసా? టీచరే” అన్నాను.

“ఆయన మగోడు చెల్లెమ్మా.”

ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది గానీ పండగ పూట అనలేదు. ఇక్కడ అంటాను. అన్నయ్య భయం అబద్ధం కాదు. 2018లో సినిమా రంగంలో ఆడపిల్లలు పడే వేధింపుల గురించి నటీమణులే బయటికొచ్చి మాట్లాడారు, మనమంతా టీవీల్లో చూశాం. కృష్ణానగర్ గదుల్లో అవకాశాల కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే మగపిల్లల అవస్థే చెప్పుకోలేనిది, ఆడపిల్ల సంగతి ఇక చెప్పాలా. అందుకని పెట్టె సర్దుకుని రైలెక్కమని నేను చెప్పను. కానీ భయం ఉన్నది ఆ గదుల్లో. రాయడంలో కాదు. రాయడానికి దొనకొండ చాలు, ఒక నోటు పుస్తకం చాలు. బీఈడీ కూడా చెయ్యనీ, ఎవరొద్దన్నారు? పాఠం చెప్పే పనికీ కథ చెప్పే పనికీ శత్రుత్వం లేదని మాస్టారే నిలువెత్తు సాక్ష్యం. విజయనిర్మల గారు నలభైకి పైగా సినిమాలు డైరెక్ట్ చేసి గిన్నిస్ బుక్కులోకెక్కింది మన తెలుగులోనే. ఆవిడకీ సంబంధాలు, సంసారం, పిల్లాడు అన్నీ ఉన్నాయి.

అమ్మాయి ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి వస్తోంది. దొనకొండ నుంచి మాకు రైలు దగ్గరే. ఇద్దరం కలిసి ఒక పాఠం వింటాం, తర్వాత ఆమె రాసింది చదువుతుంది. మా ఊరి కథే రాస్తోంది. పేర్లు, ఇళ్ళు అన్నీ మార్చేసింది, ఎవరి గడప నొప్పించకూడదని ముందే అనుకున్నాం. మొదట అంబులెన్సు చప్పుడుతో మొదలుపెట్టింది. మూడు పాఠాలు విన్నాక తనే చింపేసి, మూతపడ్డ షాపు ముందు నుంచి భర్త ఉత్త చేతులతో నడిచొస్తుంటే గుమ్మంలో నిలబడి చూసే భార్యతో మొదలుపెట్టింది. వన్‌లైన్ ఆర్డర్ పదకొండు సీన్ల దాకా వచ్చింది.

ఏడో సీను దగ్గర మాత్రం రెండు వారాలుగా ఆగిపోయాం. ఇంట్లో ఊరికే ఇచ్చిన శానిటైజర్ సీసా ఒకటుంది. భర్త చూపు దాని మీద పడుతోందని భార్యకి ఆ సీనులో తెలుసా, తెలియదా? తెలియదంటుంది అమ్మాయి, తెలిస్తే ఆవిడని జనం తప్పుపడతారని భయం. తెలుసంటాను నేను. మాస్టారి లెక్కలో అయితే, ఆవిడకి తెలియాలా లేక ఆవిడ కంటే ముందు చూసేవాళ్ళకి తెలియాలా అన్నది తేల్చుకోవాలి. మొన్న ఆదివారం ఇలాగే వాదించుకుంటుంటే, మంచం మీద పడుకుని మూలుగుతున్న మా అత్తయ్య ఇటు తిరిగింది.

“తెలవకుండా ఎట్టుంటదే? బియ్యం డబ్బాలో దాచిపెట్టుంటది. ఆడుండాదని వాడికీ తెలుసు” అంది.

అమ్మాయి పెన్ను తీసింది.